దోపకూడని నాడా

హిందూపురం నుంచి బెంగళూరుకు నేను పోయి వచ్చినన్ని సార్లు మా ఊరి బస్సు డ్రైవర్లు కూడా పోయి ఉండరు. అయితే ఆ ప్రయాణాలన్నీ బళేపేట వరకే. పొద్దున రైలెక్కడం, చీరల మూటలు కట్టించుకోవడం, దీపాలు పెట్టే వేళకు మళ్ళీ దుకాణంలో కూర్చోవడం. ముప్పై ఏళ్ళలో ఆ ఊళ్ళో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. ఈసారి నాలుగు రోజులు ఉండి వచ్చాను. సరుకు కోసం కాదు, మా మేనకోడలు సుమను ఆపడానికి.

సుమ మా చెల్లెలు పద్మ కూతురు. వయసు ముప్పై ఒకటి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉద్యోగం, మారతహళ్ళిలో అద్దె ఫ్లాటు. రెండేళ్ళుగా దానికొక పిచ్చి పట్టింది. వీపున పారాచూట్ తగిలించుకుని వంతెనల మీది నుంచి, కొండ కొమ్ముల మీది నుంచి దూకడం. బేస్ జంపింగ్ అంటారట. అందుకు అనుమతి ఉన్న చోట్లు వేరే దేశాల్లో ఉన్నాయి కాబట్టి, సెలవులు కూడబెట్టుకుని అక్కడికి పోయి దూకి వస్తుంది. ఇన్నాళ్ళూ ట్రెక్కింగ్ అని ఇంట్లో నమ్మించింది. ఈ మధ్య అది దూకే వీడియో ఒకటి పద్మ కంటపడింది. ఆ పూట నుంచి పద్మ అన్నం సరిగ్గా తినలేదు. సోమవారం మధ్యాహ్నం మళ్ళీ విమానం ఎక్కుతోందని తెలిసి, "నీ మాటైతే వింటాది అన్నా, ఎట్లైనా ఆపి రా" అని శుక్రవారం నన్ను రైలెక్కించింది.

నచ్చలేదని మెట్లు దిగిపోతున్న ఆడవాళ్ళను వెనక్కి పిలిచి అదే చీర అంటగట్టిన నోరు నాది. మేనకోడలు ఎంతలే అనుకున్నాను.

ప్యాసింజరులో ఓబులేసు

రైల్లో నా ఎదురుగా కదిరి వైపు దంపతులు కూర్చున్నారు. ఆయన పేరు ఓబులేసు. బెంగళూరులో పెద్ద పెద్ద మేడలకు బయటి నుంచి తాడు మీద వేలాడుతూ రంగులు వేస్తాడట. ఆయన భార్య ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు మూట విప్పి సగం నా ఒళ్ళో పోసింది. మా ఇంటి నిప్పట్లు నేను ఇచ్చాను. గౌరిబిదనూరు దాటేలోపు చుట్టాలమైపోయాం.

అంత ఎత్తున భయం వెయ్యదా అని అడిగాను. ఆయన కాయ ఒలుస్తూ తాపీగా చెప్పాడు.

"భయం ఉండాది కాబట్టే దినామూ ముడి చూసుకుంటాండా సార్. తాడు ఎవురిది వాళ్ళే కట్టుకోవల్ల. మా తమ్ముడు కట్టినా నేను దిగను."

ముడి వేశాక దానికి తన పాత చొక్కా పీలిక ఒకటి చుడతాడట. తను టీ తాగి వచ్చేలోపు ఎవరైనా ముట్టుకుంటే పీలిక కదిలి ఉంటుంది. అప్పుడు అరవడం, కొట్లాడడం ఉండదు. ముడి మొత్తం విప్పి మొదటి నుంచి కట్టుకుంటాడు, అంతే. నేను తల ఊపాను గానీ, బుర్రలో మాత్రం సుమకు చెప్పాల్సిన నాలుగు మాటలూ పేర్చుకుంటున్నాను.

మారతహళ్ళిలో గొడుగు

మారతహళ్ళిలో బస్సు దిగేసరికి వాన దంచుతోంది. నా దగ్గర కొత్త గొడుగు ఉంది. ఉండి ఏం లాభం, తెరుచుకుంటేగా. దాన్ని ఇంటి దగ్గరే బిగుతుగా చుట్టి, పైన ఒక నాడా రెండు చుట్లు తిప్పి, కొస ఎక్కడా కనపడకుండా ముడి కిందికి దోపి తెచ్చాను. తడిసిన నాడా ముడి రాలేదు. పక్కన కాలేజీ పిల్లలు ముగ్గురు ఒకే ప్లాస్టిక్ సంచి కింద దూరి నన్ను జాలిగా చూశారు.

ఇది నాకు చేతులకు పట్టిన అలవాటు. మా దుకాణంలో కొస వేలాడే మూట గడప దాటకూడదు. వేలాడే కొస బస్సు మెట్లకు తగులుకుంటుంది, కూలీ కాలికి చుట్టుకుంటుంది. అందుకే ఎక్కడ కొస కనపడినా నా వేళ్ళు వాటంతటవే దాన్ని దోపేస్తాయి. పెళ్ళిళ్ళలో పక్కవాళ్ళ కండువాలు కూడా సర్దేసి ఇంటావిడ చేత తిట్లు తిన్నవాణ్ణి.

సుమ రెయిన్‌కోటు వేసుకుని వచ్చి, నన్ను చూసి నవ్వి నవ్వి, ఆ ముడిని పళ్ళతో ఊడదీసింది.

వాళ్ళ వీధిలో రెండు అడుగులకొక పీజీ బోర్డు, అందులో సగం తెలుగులోనే ఉన్నాయి. కింద హోటల్లో ఉలవచారు కూడా దొరుకుతుందట. మా ఊళ్ళో ఎదురింటివాళ్ళు ఏం కూర వండారో వాసనను బట్టి చెప్పేస్తాం. ఇక్కడ సుమకు ఎదురు ఫ్లాటువాళ్ళ పేరు కూడా తెలియదు.

భోజనాలయ్యాక నా ప్రసంగం మొదలుపెట్టాను. అమ్మ సంగతి చెప్పాను, వయసు సంగతి చెప్పాను, లోకంలో ఆడుకోవడానికి ఇంకేం ఆటలు లేవా అన్నాను. అది అడ్డు చెప్పకుండా మొత్తం విన్నది.

"ఆదివారం నేను పారాచూట్ మడుస్తాను మామా. పక్కన కూర్చొని చూడు. చూసినాక నీకేం అనిపిస్తే అది చెప్పు. అమ్మ మాట కాదు, నీ మాట నాకు కావాల."

గిరాకీ ఇలా మాట్లాడితే దుకాణదారుడు ఏం చేస్తాడు? సరే అన్నాను.

బళేపేటలో ఎర్ర రిబ్బన్లు

శనివారం నన్ను అడిగింది, బళేపేటలో మంచి క్లిప్పులు ఎక్కడ దొరుకుతాయని. పారాచూట్ మడిచేటప్పుడు మడతలు జారకుండా పెద్ద క్లిప్పులు పెడతారట. ముగించే ముందు అన్నీ తీసేయాలి. ఒక్కటి లోపల ఉండిపోతే బట్ట సరిగ్గా విచ్చుకోదు. దాని పాత క్లిప్పుల స్ప్రింగులు వదులైపోయాయి.

బళేపేట అంటే నా అడ్డా. ఆ సందుల్లో నేను ముందు, అది వెనక. హార్డ్‌వేరు అంగడిలో ఎనిమిది క్లిప్పులు తీసుకున్నాం. అన్నీ నల్లవి. నల్లటి బట్టలో నల్లటి క్లిప్పు ఏం కనపడుతుంది అని నాకు తట్టింది. కొత్త చొక్కాలకు గుచ్చే గుండుసూదుల తలలు ఎర్రగా ఉండేది ఊరికే కాదు కదా. పక్క సందులోనే రత్నమ్మ అంగడికి తీసుకెళ్ళాను. గాజులు, రిబ్బన్లు, జరీ అంచులు అమ్మే మనిషి. మూడు తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్ళు. తెలుగులో మొదలుపెట్టి కన్నడలో ముగిస్తుంది. క్లిప్పులకు కట్టాలని ఎర్ర రిబ్బను అడిగాను.

"ఏమప్పా, ఈ సారి చీరలు వద్దా? క్లిప్పులకి రిబ్బను కట్టే యాపారం పెట్నావా?" అంది.

నేను సంగతి మొత్తం చెప్పి, మీరైనా బుద్ధి చెప్పండి అన్నాను. రత్నమ్మ సుమను పైనుంచి కిందిదాకా చూసింది. దూకేటప్పుడు గాజులు వేసుకుంటావా అని మాత్రం అడిగింది. లేదు, చిక్కుకునేది ఏదీ ఉండకూడదని సుమ చెప్పింది.

"అంతే మరి. జోపానం, జాగర్త తల్లీ," అని, ఎర్ర రిబ్బను జానెడు జానెడు ముక్కలుగా కత్తిరించి, ఎనిమిదింటికీ తనే కట్టి ఇచ్చింది. డబ్బిస్తే బేడ, వద్దు అంది. ఈ రత్నమ్మ బుద్ధి చెప్తుందని ఆశపడ్డ నాది తప్పు.

కానీ సుమ ఆ రిబ్బన్లను చూసుకుని మురిసిపోతుంటే నాకూ సంబరంగానే ఉండింది. నేను వచ్చిన పనేమిటో అరగంట సేపు మరిచిపోయాను.

హెచ్‌ఎస్‌ఆర్‌లో కుంటి గురువు

సాయంత్రం సుమ, ఈ ప్రయాణంలో తనతో వస్తున్న గురువును చూపిస్తానని హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు తీసుకెళ్ళింది. నిలబడి తినే హోటలు. వెన్న దోసె నలభై అయిదు రూపాయలు, చట్నీ మాత్రం ఎంతైనా పోస్తారు. మా ఊళ్ళో కూర్చోకుండా తింటే తిన్నట్టే కాదు. ఇక్కడ కూర్చుంటే వింతగా చూస్తారు.

గురువు పేరు ఫణి. కర్నూలు పిల్లవాడే, నలభై దగ్గర ఉంటాడు, కొంచెం కుంటుతాడు. ఆ కాలును చూపించి వీణ్ణే పట్టుకుని దులిపేద్దామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపు అతనే చెప్పుకొచ్చాడు. విమానంలోంచి దూకేవాళ్ళకు వీపున రెండు పారాచూట్‌లుంటాయి, ఒకటి మొరాయిస్తే రెండోది. వీళ్ళది ఒకటే. ఎత్తు తక్కువ కాబట్టి రెండోది ఉన్నా వాడే సమయం ఉండదు. అందుకే వీళ్ళ జాగ్రత్త అంతా నేల మీదే జరిగిపోవాలి. ప్రమాదాల్లో గుడ్డ తప్పు కంటే మనిషి తొందరే ఎక్కువ చూశానన్నాడు. తన కాలు విరిగింది కూడా అలాగే. గాలి బాగా లేదని తెలిసీ, అంత దూరం వచ్చాం కదా అని దూకాడు.

"దిగి నడిచొచ్చుంటే అయిపోయేది అంకుల్. కొండెక్కి, దూకకుండా దిగి వచ్చిన రోజులు నాకు చాలా ఉన్నాయి. అవి కూడా లెక్కలోకే వస్తాయని సుమకి ఫస్ట్ డే చెప్పాను."

తిట్టడానికి తెచ్చుకున్న మాటలు దోసెతోపాటు మింగేశాను.

ఆదివారం, హాలు నిండా గుడ్డ

ఆదివారం పొద్దున సుమ సోఫా గోడకు జరిపి, నేల తుడిచి, ఆరాక పారాచూట్ పరిచింది. హాలు చాలక వంటింటి గడప దాకా వచ్చింది. ఆ గుడ్డను వేళ్ళతో నలిపి చూశాను. ఇంత తేలిక నేత నా చేతికెప్పుడూ తగల్లేదు.

సుమ పని మొదలుపెట్టింది. ముందు గుడ్డంతా వెలుతురుకు పట్టి చిరుగులు చూసింది. తాళ్ళు ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య పెట్టుకుని చివరిదాకా జరిపింది. ఒక తాడు ఇంకో తాడు మీదికెక్కినా, గుడ్డ మీదుగా పోయినా, విచ్చుకునేటప్పుడు పారాచూట్ రెండు బుడగలైపోతుందట. తరువాత మడతలు. ఎడమవైపు ఎన్ని, కుడివైపు అన్నే, అంతే వెడల్పు. ఒకవైపు ఎక్కువైతే తెరుచుకోగానే పక్కకు తిరిగి మనిషిని కొండకే తీసుకుపోయి కొడుతుంది. సాగిన రబ్బరు బ్యాండు ఒకటి కనపడితే తీసి పారేసి కొత్తది వేసింది.

ముప్పై ఏళ్ళుగా చీరలు మడుస్తున్నవాణ్ణి. చేతుల తీరు చూస్తే మనిషి సంగతి చెప్పగలను. ఆ చేతుల్లో దుడుకు లేదు. నాకు గర్వంగా అనిపించింది, గర్వపడుతున్నందుకు పద్మ మీద జాలి వేసింది.

సరిగ్గా అప్పుడే పద్మ ఫోను. నేను బాల్కనీలోకి పోయి తలుపు మూసుకున్నాను. ఆపినావా, ఏమంటాంది, గట్టిగా చెప్పినావా లేదా అని అరగంట. నేను లోపలికి వచ్చేసరికి సంచి మూసేసి గోడవారగా నిలబెట్టి ఉంది. ఎర్ర రిబ్బన్ల క్లిప్పులు ఎనిమిదీ బల్ల మీద వరసగా ఉన్నాయి. సుమ పెరుగు తేవడానికి కిందికి పోయింది.

సంచి ముచ్చటగా ఉంది. అయితే కింది జేబులోంచి పైకి ఒక వెడల్పాటి నాడా పోతోంది. అది మధ్యలో కాస్త వదులుగా, వంపు తిరిగి బయటికి వేలాడుతోంది. పాపం, అంత పని చేసి అలసిపోయి ఇది మరిచిపోయిందనుకున్నాను. ఆ వదులును పక్కనున్న, తొడకు బిగించుకునే బెల్టు కిందుగా పోనిచ్చి, చదునుగా దోపాను. అక్కడా ఇక్కడా కూడా కాస్త సర్దాను. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని తృప్తి పడ్డాను. సుమ వచ్చాక ఆ సంగతి చెప్పాలని కూడా తోచలేదు. దాని ఫ్లాటులో నేను సర్దిన డబ్బాల గురించి చెప్పానా, ఇదీ అంతే.

సాయంత్రం సంచిని పెద్ద బ్యాగులో పెట్టి జిప్పు వేసింది.

సోమవారం ఇడ్లీ

కారు పదిన్నరకు చెప్పింది. ఎనిమిదిన్నరకు ఇడ్లీలు తింటూ, నిన్న చివరి భాగం చూడలేదు, అదొక్కటి చెప్పమని అడిగాను. పద్మకు ఏదో ఒకటి చెప్పాలి కదా.

సుమ నా గొడుగు తెచ్చి చూపించింది. దూకగానే సంచి కింది జేబులోంచి ఇలాంటి చిన్న గొడుగును, అంటే ఒక బుల్లి పారాచూట్‌ను, చేత్తో గాలిలోకి వదులుతారు. దానికొక నాడా. గాలి చిన్న గొడుగును లాగితే నాడా సంచిని మూసి ఉంచిన పిన్నులను లాగుతుంది, పిన్నులు ఊడితే పెద్ద పారాచూట్ బయటికి వస్తుంది.

"అందుకే నాడా వదులుగా, ఒంటరిగా ఉండాల మామా. దేని కిందా పోకూడదు. ఒకాయనకి అది తొడ బెల్టు కిందుగా పోయింది, చూసుకోలేదంట. చిన్న గొడుగు ఎగురుతానే ఉండింది, పెద్దది రాలేదు."

ఆయనకేమైంది అని నేను అడగలేదు. చేతిలో ఇడ్లీ చేతిలోనే ఉంది. సుమ స్నానానికి పోయింది.

ఆ అయిదు నిమిషాలూ నేనేం చేశానో దాచకుండా రాస్తాను. లేచి వెళ్ళి బ్యాగు జిప్పు మీద చెయ్యి వేశాను. దోపినవాణ్ణి నేనే, తీసేస్తే సరిపోతుంది, ఎవరికీ తెలియదు అనుకున్నాను. మేనకోడలి ముందు తల దించుకునే పని తప్పుతుంది. జిప్పు సగం లాగాక ఓబులేసు గుర్తొచ్చాడు. సొంత తమ్ముడు కట్టిన తాడు మీద కూడా దిగడట. నిన్న బాగు చేస్తున్నాననుకునే కదా ఇది చేశాను. ఇవాళ బాగు చేస్తే అది బాగవుతుందని ఎవరు చెప్పగలరు? చెయ్యి తీసేసి, నేల మీద కూర్చుని, అది బయటికి వచ్చేదాకా కదలలేదు.

"సుమా, నేను ఆ నాడా దోపినాను," అన్నాను.

అది ఒక్క క్షణం అర్థం కానట్టు చూసింది. తరువాత బ్యాగు తెరిచి చూసింది. దాని మొహం తెల్లబోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎంత చక్కగా దోపినావు మామా," అంది నెమ్మదిగా.

తొడుక్కున్నాక చూసుకునేదానివి కదా అని అడిగాను. చూసుకుంటానంది. ఫణి సార్ కూడా చూస్తాడంది. "కానీ అది వీపు వెనక ఉంటాది. చూసేవాళ్ళమేమో. చూడకపోయేవాళ్ళమేమో," అంది. తరువాత గడియారం చూసి, నాడా ఒక్కటి బయటికి తీస్తే చాలు, మిగతాదంతా తను మడిచినట్టే ఉంది, కారు వచ్చేస్తుందంది.

దాన్ని ఆపడానికి వెళ్ళినవాణ్ణి నేను. అప్పుడు ఆపాను.

"ఇంకా ఏమేం సర్దినానో నాకే గుర్తు లేదు. అంతా విప్పు. విమానం పోతే పోనీ. పోవద్దని చెప్పడం లేదు సుమా, మొదటి నుంచి మడుచుకొని పో."

మా దుకాణంలో పద్ధతి ఒకటుంది. చీర మడిచేటప్పుడు మధ్యలో వేరే చెయ్యి పడితే, ఎక్కడ ఆపామో అక్కడి నుంచి కొనసాగించం. దులిపి మళ్ళీ మొదలుపెడతాం. లేకపోతే ఆ మడత ఎక్కడో తప్పు పట్టి, నెల తరువాత గిరాకీ ముందు బయటపడుతుంది. సుమ చిన్నప్పుడు సెలవులకు వచ్చి మా దుకాణంలోనే ఈ పద్ధతి నేర్చుకుంది. సోఫా జరపడానికి ఒక వైపు పట్టుకుంది. రెండో వైపు నేను పట్టుకున్నాను.

గంటన్నర పట్టింది. కారును వెనక్కి పంపేశాం. అది పట్టుకోమన్న చోట పట్టుకున్నాను, వదలమన్నప్పుడు వదిలాను, దాని మాట లేకుండా వేలు కదపలేదు. మధ్యలో నా ఫోను మోగింది. పద్మే. ఎత్తలేదు. చివర ఎర్ర రిబ్బన్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి, ఇద్దరం ఎనిమిది లెక్కపెట్టాం. సంచి మూసి, నాడాను దాని దారిలో పెట్టి, నా చూపుడు వేలు పట్టుకుని జేబు దగ్గర నుంచి పిన్నుల దాకా నాడా పొడవునా జరిపించింది. ఎక్కడా ఏదీ అడ్డం తగల్లేదు. అలా వదులుగా వేలాడుతున్న నాడాను దోపకుండా చూస్తూ కూర్చోవడం నా జన్మలో అదే మొదటిసారి.

అప్పుడు అది ఒక అట్టముక్క మీద 'ఎవరూ ముట్టుకోరాదు' అని పెద్దక్షరాలతో రాసి సంచి పక్కన బ్యాగులో పెట్టింది. కింద చిన్న అక్షరాలతో 'మామా, నువ్వు కూడా' అని ఉంది. ఇద్దరం పగలబడి నవ్వాం. నాకైతే నవ్వులోనే ఏడుపు వచ్చేసింది.

రెండో కారు దొరికింది. విమానం అందింది.

హిందూపురంలో గురువారం

సోమవారం రాత్రి రైలు దిగి నేరుగా దుకాణానికి పోతే పద్మ మెట్ల మీదే కూర్చుని ఉంది.

"ఆపినావా?"

"ఆపినా. గంటన్నర సేపు."

అంతా చెప్పాను. ముట్టుకున్నందుకు నన్ను పదిమందిలో తిట్టింది. అవి నాకు రావాల్సిన తిట్లే. లేచి పోయేటప్పుడు, "రెండోసారి మూసేటప్పుడు కడదాకా చూసినావా?" అని మాత్రం అడిగింది. చూశానని, వేలు పెట్టి తడిమానని చెప్పాను.

బుధవారం సుమ దూకాల్సిన రోజు. గాలి బాగా లేదని వంతెన మీది నుంచి నడిచి దిగి వచ్చామని మెసేజీ పెట్టింది. గురువారం పద్మ పొద్దున్నే దుకాణానికి వచ్చి కూర్చుంది. నేను ఒక చీర మడత పెట్టడం, మధ్యలో మరిచిపోవడం. మధ్యాహ్నం ఫోను మోగింది.

"నేరుగా తెరుచుకునింది మామా," అంది సుమ. వెనకాల నీళ్ళ చప్పుడు వినపడుతోంది.

పద్మ ఫోను లాక్కుంది. ఎలా ఉన్నావని అడగలేదు, ఇంక చాలు వచ్చెయ్యమని అనలేదు.

"నాడా ఎవురు చూసినారు?" అని అడిగింది.

తను చూసుకున్నానని, ఫణి సార్ కూడా చూశాడని సుమ చెప్పింది. పద్మ సరే అని ఫోను నాకు ఇచ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుని, చేతులు ఊరికే ఉండక, నేను సగంలో వదిలేసిన చీరను అందుకుని మిగతా సగం మడవబోయింది. నేను ఆమె చేతిలోంచి చీర తీసుకున్నాను. దులిపి, ఒక కొస ఆమెకు ఇచ్చి, ఒక కొస నేను పట్టుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాం.